కాళ్లు చాపుకునే కుర్చీ

ఎనిమిదేళ్లుగా మౌలాలికి ఒకటే దిగులు. గురువుగారు ఉలి ఎప్పుడిస్తారా అని.

కాకినాడ జగన్నాథపురంలో లక్కోజు వీరాచారి గారి వడ్రంగం షెడ్డులో ఓ పద్ధతి ఉంది లెండి. శిష్యుడు తన బుర్రతో, తన చేత్తో మొట్టమొదటిసారి ఏ వస్తువు చేసినా, ముందు గురువుగారు దాన్ని వాడి చూస్తారు. నచ్చితే ఏమీ అనరు. తన ఉలుల్లోంచి ఒకటి తీసి చేతిలో పెడతారు. ఆ ఉలి అందుకున్నవాడు మేస్త్రీ. అందుకోనివాడు ఎన్నేళ్లున్నా చెక్క పట్టుకునేవాడే.

ఆ ఏడు విశాలాక్షి టీచరుగారు రిటైరయ్యారు. ఒక్కరే ఉంటారావిడ. పుస్తకాలు చదువుకోడానికి వెనక్కి వాలే కుర్చీ, కాళ్లు చాపుకోడానికి దానికి జోడుగా ఓ పీట కావాలన్నారు. గురువుగారు ఆ పని మౌలాలికి అప్పగించేశారు.

ఇంక చూడండి మనవాడి హుషారు. ఫోన్లో ఎక్కడెక్కడి కుర్చీల బొమ్మలో తిరగేశాడు. టేకుకి విల్లులాంటి ఒంపు తీశాడు. నేలకి ఎంత దగ్గరగా ఉంటే అంత ఫ్యాషనని, మూరెడెత్తు కూడా లేకుండా చేశాడు. చేతులు ఆన్చుకునే కమ్మీల్ని సన్నగా చెక్కి, నాజూగ్గా సగంలోనే ఆపేశాడు. కుర్చీ పరుపుకీ పీట పరుపుకీ ఒకటే గుడ్డ, ఆవపువ్వు రంగుది. రెండూ తల్లీపిల్లల్లా ఉన్నాయి.

గురువుగారు వచ్చి కూర్చున్నారు. వెనక్కి వాలారు. పీట మీద కాళ్లు చాపి ఓ కునుకు కూడా తీశారు. మౌలాలి ఉలుల పెట్టె వైపే చూస్తూ నిలబడ్డాడు.

మెలకువ వచ్చాక టీ తాగి లేవబోయారు. ముందుకి ఊగి, మళ్లీ పరుపులోకే పడ్డారు. రెండోసారీ అంతే. డెబ్బై ఏళ్ల మోకాళ్లాయె. నవ్వుతూ చెయ్యి చాచారు. మౌలాలి గబగబా వచ్చి పట్టుకుని లేపాడు.

"సుఖంగా ఉందిరా," అన్నారు పంచె సర్దుకుంటూ. "టీచరుగారింటికి దీంతోపాటు నువ్వూ వెళ్తున్నావా?"

"దింపేసి సాయంత్రానికల్లా వచ్చేస్తానండి."

"అలాగా," అని గురువుగారు భోజనానికి వెళ్లిపోయారు.

మౌలాలి కుర్చీని చూశాడు. కాసేపటికి తన చేతిని చూసుకున్నాడు. తర్వాత టేపు జేబులో వేసుకుని టీచరుగారింటికి బయల్దేరాడు.

ఆవిడ పాత కుర్చీలోంచి లేచేటప్పుడు చేతులు ఎక్కడ ఆనుతాయో చూశాడు. గుప్పిట కూడా కొలిచాడు.

"గాజులేమైనా చేయిస్తున్నావా అబ్బాయ్?" అన్నారావిడ.

నాలుగు రోజులు పట్టింది. కుర్చీ కాళ్ల ఎత్తు పెంచాడు. కమ్మీలు ఊడదీసి, మోకాళ్లదాకా వచ్చేలా కొత్తవి వేశాడు. వాటి కొసలు గుండ్రంగా, గుప్పిట్లో ఇమిడేటట్టు చెక్కాడు. విల్లు ఒంపు కొంత పోయింది. పోనీలే అనుకున్నాడు.

గురువుగారు మళ్లీ కూర్చున్నారు. మళ్లీ కాళ్లు చాపారు, మళ్లీ టీ తాగారు. పీటని పాదంతో పక్కకి జరిపి, కమ్మీల కొసలు పట్టుకుని ఒక్క ఊపున లేచి నిలబడ్డారు.

అప్పుడు చెయ్యి చాచారు.

మౌలాలి కంగారుగా పట్టుకోబోయాడు. ఆ అరచేతిలో ఉలి ఉంది. పిడి వెచ్చగా తగిలింది. పొద్దుట్నించీ రొంటినే దోపుకుని ఉన్నారు కాబోలు.