భద్రమ్మ పూడ్చిన చెలమలు

వెదురుకొండ కింద ఇసుకవాగని ఒక వాగుంది. పేరుకే వాగు. ఏడాదిలో రెండు నెలలు అందులో నీళ్ళు పారతాయి, మిగతా పది నెలలు గాలికి ఇసుక పారుతుంది. కొండ వెనక ఎండని మడుగొకటి ఉంది గాని అది పెద్దపులిది. కాబట్టి వేసవిలో ఆ అడవిలో బతికి బట్టకట్టాలంటే ఒకటే దారి, ఇసుకలో చెలమ తవ్వుకోవాలి. తవ్వడమంటే మాటలు కాదు. నాలుగు మూరల లోతుకి పోతే గాని చెమ్మ తగలదు. దుప్పి గిట్టకి అది అయ్యే పని కాదు, కోతి చేతికి కాదు, నెమలి ముక్కుకి అసలే కాదు. ఏనుగు కాలూ తొండమూ ఉంటేనే అవుతుంది.

అందుకని ఆ వాగులో ఏనుగుల మందకి ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే మూడు చెలమలు తవ్వేవి. ఒకటి తమకు. రెండోది గిట్టలవాళ్ళకు, అంటే దుప్పులకూ పందులకూ. మూడోది కొమ్మల మీదవాళ్ళకు, అంటే కొండముచ్చులకూ పిట్టలకూ. సాయంత్రానికి ఇసుక జారి మూడూ పూడిపోయేవి, మర్నాడు మళ్ళీ మొదలు. మందకు పెద్ద భద్రమ్మ. ఆవిడ తల్లి తవ్వింది, తల్లి తల్లి తవ్వింది, ఈవిడా తవ్వేది. అడవంతా ఆవిణ్ణి నోరారా పెద్దమ్మా అని పిలిచేది.

భద్రమ్మ పంచప్రాణాలూ మనవడి మీదే. మందలో ఏడేళ్ళ తరవాత పుట్టిన ఒకే ఒక్క గున్న వాడు. పెద్దపులి బెబ్బులయ్య వాడి మీద కన్నేశాడని అడవంతటికీ తెలుసు. భద్రమ్మకీ తెలుసు. నీళ్ళు తాగినా, నిద్రపోయినా ఆవిడ తొండం వాడి వీపు మీదే ఉండేది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మధ్యాహ్నం ఏనుగులు నీడన నిలబడి కునుకు తీస్తాయి. సరిగ్గా ఆ వేళకే అడవిలో గోల లేచేది. పొదల్లో బెబ్బులయ్య చార కనిపిస్తే చాలు, చెట్టు మీద కొండముచ్చు వీరాసామి ఖక్ ఖక్ అని దగ్గేవాడు, కింద దుప్పి చుక్కమ్మ మెడ సాచి కూత పెట్టేది. భద్రమ్మ ఉలిక్కిపడి లేచి గున్నని కాళ్ళ మధ్యకి లాక్కునేది. గోల సద్దుమణిగాక మళ్ళీ కళ్ళు మూసుకుంటూ, "ఏం కూతలే తల్లీ, ముసలిదాన్ని కన్ను మూయనివ్వరు," అని విసుక్కునేది.

ఇట్లా నడుస్తుండగా, ఆ వేసవిలో గుంటనక్క గుర్నాథం ఏనుగుల పంచన చేరాడు. వాడికి వేట రాదు, కాపలా రాదు. సలహా మాత్రం అడక్కుండానే వస్తుంది.

"అమ్మగారూ, ఒక మాట అడుగుతాను. తప్పయితే తొండంతో ఒక్కటివ్వండి," అన్నాడు.

"అడుగు."

"తవ్వేది మూడు చెలమలు, మీరు తాగేది ఒక దాంట్లో. మిగతా రెండూ ఎవరి పుణ్యానికి?"

"మా అమ్మ తవ్వేదిరా."

"మీ అమ్మగారి కాలంలో ఇట్లాంటి ఎండలున్నాయా? ఒక్కసారి మీ అమ్మాయిని చూడండి. ఎండలో తవ్వి తవ్వి పాలు తగ్గిపోయాయి. ఇంట్లో పిల్లాడికి పాలు లేవుగాని ఊరందరికీ నీళ్ళట. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అని ఊరికే అన్నారా?"

గున్న మాట ఎత్తేసరికి భద్రమ్మ విసురుతున్న చెవులు ఆగిపోయాయి. నక్క అది కనిపెట్టాడు.

"పోనీ, వాళ్ళు మీకు తిరిగి ఏమన్నా ఇస్తున్నారా? ఒక గడ్డిపోచ, ఒక పండు?"

భద్రమ్మ నిజాయితీగానే ఆలోచించింది. చాలాసేపు ఆలోచించింది. "ఏమీ ఇవ్వర్రా. పైగా మధ్యాహ్నం అయ్యేసరికి ఒకటే గోల."

"చూశారా. మీ నీళ్ళతో గొంతు తడుపుకుని మీ నిద్రే పాడు చేస్తున్నారు."

ఏం చెప్పమంటారు. అంత తలకాయ, అంత ముక్కు, చాటలంత చెవులు. ఆ గోల ఎందుకొస్తోందని ఒక్కరంటే ఒక్కరిని అడిగితే పోయేది. రోజూ ఆ గోల వినగానే గున్నని కాళ్ళ మధ్యకి లాక్కునేది తనే కదా, ఎందుకు లాక్కుంటున్నానని తనని తాను అడుక్కున్నా పోయేది. అడగలేదు. మనవడి పాల మాట చెవిన పడ్డాక ఆవిడకింకేదీ వినపడలేదు.

మర్నాడు చుక్కమ్మ పిల్లాపాపలతో వాగులోకి దిగేసరికి రెండో చెలమ లేదు, మూడోదీ లేదు. పాత గుంటలుండే చోట కూడా కాళ్ళతో గట్టిగా తొక్కేసి ఉంది. పక్కన బండ మీద గుర్నాథం కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"ఏమిటయ్యా ఇది? పెద్దమ్మకి ఒంట్లో బాగాలేదా?" అంది చుక్కమ్మ.

"బ్రహ్మాండంగా ఉన్నారు. చెలమల విషయం పరిశీలనలో ఉంది. ఎవరికి అవసరం, ఎవరికి అర్హత, అన్నీ చూసి చెబుతారు."

"ఎప్పటికి?"

"పరిశీలన అయ్యాక."

"అయ్యేదాకా పిల్లలు ఏం తాగాలి?"

"ఓపిక తాగండి," అన్నాడు.

చెట్టు మీంచి వీరాసామి దిగొచ్చాడు. "నువ్వెవడివి మాకు చెప్పడానికి? పెద్దమ్మని పిలువు."

"వారు విశ్రాంతిలో ఉన్నారు."

చుక్కమ్మ నేరుగా భద్రమ్మ దగ్గరికే పోయింది. మూడు రోజులు పోయింది. మూడు రోజులూ భద్రమ్మ అటు తిరిగి నిలబడింది. ముఖం చూస్తే తవ్వకుండా ఉండలేనని ఆవిడకి భయం. వారం తిరిగేసరికి చుక్కమ్మ చెల్లెలి కూన కాళ్ళు మడిచి ఇసుకలో పడుకుంది. మళ్ళీ లేవలేదు.

ఆ సంగతి పెద్దపులి చెవిన పడింది. వాడు గర్జించలేదు, పరిగెత్తుకు రాలేదు. ఇరవై బారల దూరంలో మర్యాదగా చతికిలబడి పరామర్శకి వచ్చినవాడిలా గొంతు సవరించుకున్నాడు.

"చుక్కమ్మా, విన్నాను. చాలా బాధేసింది. కొండ వెనక నా మడుగుంది కదా, వేసవంతా ఎండదు. వచ్చి తాగండి. నీళ్ళ దగ్గర నేను పంజా ఎత్తను, మాటిస్తున్నాను."

"ఊరికేనా?" అన్నాడు కొమ్మ మీది వీరాసామి.

"ఊరికే. ఒక చిన్న మర్యాద చాలు. నేను నాలుగడుగులు వేస్తే చాలు అడవంతా దండోరా వేస్తున్నారు. నాకు సిగ్గేస్తోంది. కాస్త నోరు కట్టుకోండి."

వాడు వెళ్ళాక వీరాసామి తల బాదుకున్నాడు. "పిన్నీ, వాడు నీళ్ళ దగ్గర తినడు, గడ్డి దగ్గర తింటాడు. కొరివితో తల గోక్కుంటావా?"

"తింటాడ్రా. నాకు తెలీదా? నెలకొకరిని తింటాడు. దాహం వారానికొకరిని తింటోంది," అంది చుక్కమ్మ. "ఇంతకన్నా మంచి దారి నీ దగ్గరుంటే చెప్పు."

వీరాసామి నాలుకా పిడచకట్టుకుపోయి ఉంది.

ఆ మర్నాటి నుంచి అడవి మాటాడ్డం మానేసింది. భద్రమ్మ కమ్మగా నిద్రపోయింది. అట్లాంటి కునుకు ఆవిడ పుట్టి ఎరగదు.

"చూశారా అమ్మగారూ," అన్నాడు గుర్నాథం, "నాలుగు రోజులు నీళ్ళు ఆపేసరికి ఎంత క్రమశిక్షణ వచ్చిందో. ఒక్కళ్ళన్నా నోరు మెదుపుతున్నారా?"

"నువ్వు చెబితే ఏమో అనుకున్నానురా. ముందే ఆపాల్సింది," అంది భద్రమ్మ.

వినండి ఆ మాట. ముందే ఆపాల్సిందట.

పదో రోజు మధ్యాహ్నం బెబ్బులయ్య పొదలోంచి బయటికొచ్చాడు. వీరాసామి కూర్చున్న చెట్టు కిందనుంచే నడిచాడు. వీరాసామి చూసి తల పక్కకి తిప్పుకున్నాడు. దుప్పుల మంద మధ్యనుంచి నడిచాడు. అవి దారిచ్చాయి. నీడన ఏనుగులన్నీ కళ్ళు మూసుకుని ఊగుతున్నాయి. గున్న నిద్రపట్టక వీపు రుద్దుకోవడానికి నాలుగడుగులు అవతల ఉన్న మద్దిచెట్టు దగ్గరికి పోయాడు.

వాడి కేక విని భద్రమ్మ కళ్ళు తెరిచేసరికి పులి వాడి వెనక తొడ మీద ఉన్నాడు. ఆవిడ కొండలా విరుచుకుపడింది, కాబట్టి ప్రాణం దక్కింది. పులి వదిలేసి పోయాడు. పోతూ పోతూ తొడ కండ అంతా చీల్చేశాడు. గున్న బతికాడు గాని ఆ కాలు ఇక నేల మీద ఆనదు. మందతో పాటు నడవలేడు, పరిగెత్తడమన్న మాట అసలే లేదు.

కూతురు గాయం మీద మట్టి చల్లుతుంటే చూడలేక భద్రమ్మ దుప్పుల దగ్గరికి పరుగున పోయింది.

"పులి మీ మధ్యనుంచే వచ్చాడు కదా చుక్కమ్మా."

"వచ్చాడు."

"చూశావా?"

"చూడకేం? అడ్డం కూడా తొలిగాను."

"మరి కూత పెట్టలేదేం?"

"మా కూత మీకు గోల అని విన్నాం, భద్రమ్మగారూ."

పుట్టి బుద్ధెరిగాక చుక్కమ్మ నోట ఆవిడ ఆ పిలుపు వినలేదు. పెద్దమ్మ పోయి భద్రమ్మగారు వచ్చింది. పులి దెబ్బకన్నా అది లోతుగా దిగిందో ఏమో, ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

"అంటే ఆ అరుపులు..."

"మీకోసమే అరిచామని అబద్ధం చెప్పను. మా పిల్లల కోసమే అరిచేవాళ్ళం. కానీ అరిచేటప్పుడు ఏనుగులున్న వైపు తిరిగి అరవాలని మా అమ్మ నేర్పింది. నీళ్ళు తాగిన చోటికి వినపడాలి అనేది. మీకు ఎవరూ చెప్పలేదా?"

"నాతో ఒక్క మాట అనొచ్చు కదే."

"అనడానికే మూడు రోజులు తిరిగాం. పరిశీలనలో ఉందన్నారు."

భద్రమ్మకి కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో తెలీక నక్క మీదికి మళ్ళించింది. వాణ్ణి తొక్కేద్దామని అడవంతా వెతికితే వాడెక్కడున్నాడు? కొండ వెనక పులి మడుగు ఒడ్డున. ఆవిడ పై గట్టు మీద వెదుళ్ళ చాటున ఆగింది. కింద గుర్నాథం చేతులు కట్టుకుని నిలబడి చెబుతున్నాడు.

"దొరా, తమ మడుగు, తమ నీళ్ళు. ఈ దుప్పులూ కోతులూ ఊరికే తాగిపోతుంటే చూడలేకపోతున్నాను. వాళ్ళు తమకేం తిరిగి ఇస్తున్నారని?"

బెబ్బులయ్య మీసాలు నాక్కుంటూ అన్నాడు. "ఏనుగుకి కూడా ఇదే చెప్పావట్రా?"

"చెప్పాను దొరా. చక్కగా విన్నారు."

"విన్నది కాబట్టేగా, అన్ని గొంతులు నాకు నాలుగు గుక్కల నీళ్ళకి దొరికాయి. నేనెన్నేళ్ళు వేటాడినా దొరకనివి. నన్ను కూడా ఏనుగంత తెలివైనవాణ్ణి చేద్దామనా?" వాడు లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. "ఇంకొకటి గుర్నాథం. నీళ్ళ దగ్గర పంజా ఎత్తనన్న మాట దుప్పులకీ కోతులకీ ఇచ్చాను. నక్కలకి ఇచ్చినట్టు గుర్తులేదు."

గుర్నాథం ఆ పరుగు పరుగు వెదురుకొండ దాటేదాకా ఆపలేదు. భద్రమ్మ వాణ్ణి తరమలేదు. గట్టు మీద అట్లాగే నిలబడిపోయింది. తను పోగొట్టుకున్నదాని విలువ శత్రువు నోట వినాల్సి రావడంకన్నా తలవంపు ఏముంటుంది?

మర్నాడు తెల్లవారకముందే ఆవిడ వాగులోకి దిగింది. మూడు కాదు, నాలుగు చెలమలు తవ్వింది. మునుపటికన్నా వెడల్పుగా, పిల్లలు దిగడానికి వాలుగా తవ్వింది. మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండో రోజు రెండు పిట్టలు వచ్చి చూసి పోయాయి. మూడో రోజు చుక్కమ్మ వచ్చింది. ఒక కాలు నీళ్ళలో, ఒక కాలు ఒడ్డు మీద పెట్టి తాగింది.

భద్రమ్మ గొంతు తగ్గించి అడిగింది. "రేపట్నించి రోజూ వస్తారా?"

"వస్తాం. కొండ వెనక మడుగు కూడా మానం. ఒక్కచోటే నమ్ముకుంటే ఏమవుతుందో చూశాం కదా."

"గున్న నడవలేడు చుక్కమ్మా. మేం ఈ చోటు వదిలి పోలేం. బెబ్బులయ్య మళ్ళీ వస్తాడు."

"వస్తాడు."

"వస్తే కూత పెడతారా?"

చుక్కమ్మ మూతి తుడుచుకుంది. పిల్లల్ని ముందు నడవమంది. అన్నీ ఒడ్డెక్కాక ఒక్క క్షణం ఆగింది.

"అప్పటికి చూద్దాం, భద్రమ్మగారూ."

నీతి: చెలమ పూడ్చడానికి ఒక్క పూట చాలు, వెనక్కి తిరిగిన గొంతుని మళ్ళీ తనవైపు తిప్పుకోవడానికి మాత్రం ఏనుగు బలం కూడా చాలదు.