ఇవ్వకూడని డ్రమ్ములు

అనకాపల్లి అవతల, సముద్రపు గాలి తగిలే ఒక మందుల ఫ్యాక్టరీ గోదాములో, ఎవరేమడిగినా కాదనలేని ముత్యాలునాయుడు స్టోర్‌కీపరుగా పనిచేస్తుండేవాడు.

మంచివాడమ్మా, చాలా మంచివాడు. తెల్లారి లేచి అప్పన్నస్వామికి దణ్ణం పెట్టుకోకుండా మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. వానలో ఎవరైనా గొడుగు అడిగితే ఇచ్చేసి, తను తడుస్తూ ఇంటికి పోయేవాడు. క్యాంటీన్‌లో వంటాయన మూడో గరిటె ఉప్మా వేసినా, చాలు అనలేక కళ్లనీళ్లతో తినేవాడు.

"ఏం నాయుడూ, వద్దు అనే మాట దేవుడు నీ నోట్లో పెట్టడం మరిచిపోయాడా?" అని తోటివాళ్లు ఏడిపించేవారు.

"పెట్టాడు. పాపం, బయటికి రావడానికి దానికీ మొహమాటమే!" అని అతనూ నవ్వేవాడు.

మీరూ నవ్వుతున్నారు. నవ్వండి, నవ్వండి. ఇక మీదట ఈ కథలో నవ్వడానికి ఏమీ లేదు.

ఆ ఫ్యాక్టరీకి ఉక్కు డ్రమ్ముల్లో క్లోరోసిలేన్ అనే ద్రవం వచ్చేది. చూపుకి మంచినీళ్లంత తేటగా ఉండేది. కానీ నీళ్లంటేనే దానికి పగ. సేఫ్టీ ఆఫీసరు మస్తాన్‌వలీ గారు ప్రతి సోమవారం పొద్దున్నే పనివాళ్లందరినీ నిలబెట్టి దాని గుణం చెప్పేవారు.

"ఇది పెట్రోలులా భగ్గుమంటుంది. దీని ఆవిరి కంటికి కనపడదు. నేలబారున పాకుతూ పోయి, ఎక్కడో ఉన్న పొయ్యిని వెతుక్కుంటుంది. డ్రమ్ములోంచి తోడేటప్పుడు ఎర్త్ తీగ తగిలించడం మరిచారో, చిటుక్కుమనే చిన్న రవ్వ చాలు. నీటి చుక్క తగిలిందో, బుసకొట్టి యాసిడ్ పొగ కక్కుతుంది. మనిషి ఒంటిమీద పడితే మాత్రం బట్టలు తీసేసి, ఆగకుండా నీళ్లు ధారగా పొయ్యాలి. డ్రమ్ములోకి మాత్రం ఒక్క చుక్క పోకూడదు. ఖాళీ అయిన డ్రమ్ముకి మూతలు బిగించి, పంపినవాళ్లకే తిప్పి పంపాలి. ఒక్కటి కూడా గేటు దాటకూడదు. ఎందుకో తెలుసా నాయుడూ?"

"తెలుసు సార్," అనేవాడు ముత్యాలునాయుడు.

నిజానికి అతనికి తెలియదు. పదిమందిలో తెలియదని చెప్పడానికి మొహమాటం.

అలా ఉండగా చైత్రమాసం వచ్చింది. ఎండలు మండిపోయాయి. ఒక శనివారం మధ్యాహ్నం అతని చెల్లెలు పైడితల్లి భర్త లోకునాయుడు, తన ఊరి భజన బృందంలోని నలుగురు పెద్దలను వెంటబెట్టుకుని గోదాము దగ్గరికి వచ్చాడు. లోకునాయుడు ఉత్సాహవంతుడు. ఊళ్లో ఏ మంచిపని తలపెట్టినా ముందు నడిచేవాడు.

"బావా, బస్సులు ఆగేచోట చలివేంద్రం పెడతన్నాం. సోమవారం పది గంటలకి ముహూర్తం. కుండలున్నాయి, పందిరేశాం. నీళ్లు నిలవ ఉంచడానికి రెండు డ్రమ్ములు కావాలి. అదిగో, అక్కడ ఊరికే పడున్నాయి కదా!"

అతను చూపించినవి ఖాళీ అయిన క్లోరోసిలేన్ డ్రమ్ములే. వాటికి కొంచెం అవతల, పనివాళ్లు ఇళ్లకు తీసుకుపోవడానికి అనుమతి ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములు ఉండేవి. ఆ వారం అవన్నీ అయిపోయాయి.

"అవి... అవి వేరే రకం బావా," అని నసిగాడు ముత్యాలునాయుడు.

"ఏటి వేరే రకం? డ్రమ్ము డ్రమ్మే కదా! మా బావ ఒక్క మాటంటే గోదాము తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయని వీళ్లకి చెప్పి మరీ తీసుకొచ్చాను. నా పరువు తీస్తావేటి?"

పెద్దల్లో ఒకాయన గడ్డం నిమురుకుంటూ, "పోనీలే లోకునాయుడూ. ఆయన ఇబ్బంది ఆయనది. దాహం తీర్చే పుణ్యం అందరికీ రాసిపెట్టి ఉండదు," అన్నాడు.

ఆ మాట ముత్యాలునాయుడికి ముల్లులా గుచ్చుకుంది. ఒక డ్రమ్ము వంచి చూశాడు. చుక్క రాలేదు. రెండోదీ వంచాడు. అదీ అంతే. ఖాళీదే కదా, అనుకున్నాడు. గేటు దగ్గర కాపలాదారుకి, "కడిగినవే," అని తనే చెప్పాడు. ఆ కాపలాదారు ఏనాడూ నాయుడు మాట అనుమానించలేదు. డ్రమ్ములు ఆటో ఎక్కాయి.

అయినా మనసులో ఏదో మూల పీకుతూనే ఉంది. ఆటో కదిలాక వెనకే పరిగెత్తి, "బావా, బాగా కడిగి వాడండి. నీళ్లు పోసి, మూత బిగించి, దొర్లించి మరీ కడగండి!" అని కేకేశాడు.

వింటున్నారా? ఆ మనిషి మేలుకోరి చెప్పిన మాట అది.

సోమవారం పొద్దున్న ఎనిమిదిన్నరకు మస్తాన్‌వలీ గారు ఎప్పటిలాగే పాఠం మొదలుపెట్టారు. ఆ రోజు ఎవరినీ అడక్కుండా తనే చెప్పారు. "వంచితే చుక్క రాదు. కానీ అడుగున అంచు గాడిలో గ్లాసెడు మిగిలే ఉంటుంది. లోపలంతా ఆవిరి నిండి ఉంటుంది. అందుకే ఖాళీ డ్రమ్ముని నిండు డ్రమ్ములాగే చూడమంటాను. కడుగుదామని ఎవడైనా నీళ్లు పోసి మూత బిగించాడా, అది బాంబే!"

శనివారం ఆటో వెనక తను వేసిన కేక ముత్యాలునాయుడికి గుర్తొచ్చింది. అందరూ పనుల్లోకి వెళ్లిపోయారు. అతను మాత్రం స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. మస్తాన్‌వలీ గారు బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నారు. వేడి టీ. ఊదుకుంటూ తాగుతున్నారు. తాగుతున్న మనిషిని కదిలించడం ఎందుకు, గ్లాసు కింద పెట్టనీ, అనుకున్నాడు. ముహూర్తం పది గంటలకు కదా, ఇంకా టైముంది, అనుకున్నాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆగాడు. అయ్యాక ఎవరో కాగితం మీద సంతకానికి వచ్చారు. అదీ అయ్యేదాకా ఆగాడు.

అప్పుడు దగ్గరికెళ్లి, "సార్... ఎవరైనా తెలియక కడిగితే..." అన్నాడు.

మస్తాన్‌వలీ గారు తలెత్తి అతని ముఖం చూశారు. ఇంకేమీ అడగలేదు. "ఎన్ని ఇచ్చావు?" అన్నారు.

"రెండు."

"ఫోన్ చెయ్యి!"

లోకునాయుడు ఎత్తలేదు. చెల్లెలు ఎత్తింది.

"ఆయన పందిరి దగ్గరే ఉన్నారు అన్నయ్యా. డ్రమ్ములు కడుగుతున్నారు. నువ్వే చెప్పావట కదా, మూత బిగించి దొర్లించి కడగమని. ఇందాకట్నించి అదే పని..."

"పైడమ్మా, ఆపమను! వదిలేసి దూరంగా పొమ్మను!"

ఆమె పరిగెడుతున్న అడుగుల చప్పుడు ఫోన్‌లో వినిపించింది. "ఏమండీ!" అన్న పిలుపు ఒకటి వినిపించింది. ఆ తర్వాత పిడుగు పడ్డట్టు ఒక చప్పుడు. ఆ తర్వాత ఆమె కేక.

మంటలార్పే ఫ్యాక్టరీ నురుగు బండి వేసుకుని ఇద్దరూ వెళ్లేసరికి తాటాకు పందిరి తగలబడుతోంది. పగిలిన డ్రమ్ములోంచి ఎగిసిన ఆవిరి, ప్రసాదం వండుతున్న పొయ్యిని అందుకుంది. తెల్లటి పొగకు అందరూ దగ్గుతున్నారు. లోకునాయుడు కుండ పెంకుల మధ్య వెల్లకిలా పడి ఉన్నాడు. అతనికి నాలుగు బారల దూరంలో, మూత తీసి, ఇంకా నీళ్లు పోయని రెండో డ్రమ్ము మంట పక్కనే నిలబడి ఉంది. జనం బిందెలతో దాని మీదికే వస్తున్నారు.

"వద్దు! నీళ్లొద్దు!" అని అరిచాడు ముత్యాలునాయుడు.

ఎవరూ ఆగలేదు. ఆ గొంతుకి వద్దనే అలవాటు లేదమ్మా. అది ఏడుపులాగే వచ్చింది. బావ కోసం ఏడుస్తున్నాడు పాపం, అనుకున్నారు. శనివారం వచ్చిన ఆ పెద్దాయనే బిందె ఎత్తాడు. ముత్యాలునాయుడు ఆయన మీద పడి బిందె లాగేసుకున్నాడు. ఆయన్ను ఛాతీ మీద చెయ్యి వేసి వెనక్కి నెట్టాడు.

"డ్రమ్ము మీద కాదు! బావ మీద పొయ్యండి! అందులో ఉన్నది విషం, ఇచ్చింది నేనే! పోండి అవతలికి!"

జనం నిర్ఘాంతపోయి ఆగారు. నలుగురు లోకునాయుడిని ఈడ్చుకుపోయి, బట్టలు తీసేసి, చలివేంద్రం కోసం తెచ్చిన నీళ్లన్నీ అతని ఒంటిమీద పోశారు. మస్తాన్‌వలీ గారు మిగతావాళ్లను గాలికి ఎదురు దిక్కుగా తరిమి, డ్రమ్ము చుట్టూ నురుగు కప్పించారు. రెండోది పేలలేదు.

విశాఖపట్నం ఆసుపత్రిలో లోకునాయుడు మూడు రోజులు ఉన్నాడు. పొగకి ఊపిరితిత్తులు కాలిపోయాయన్నారు. మధ్యలో ఒకసారి తెలివొచ్చి, "డ్రమ్ము బాగానే కడిగాను బావా," అన్నాడు. నాలుగో రోజు పొద్దున్న కన్నుమూశాడు.

విచారణలో ముత్యాలునాయుడు ఏదీ దాచలేదు. గేటు దగ్గర చెప్పిన అబద్ధం కూడా చెప్పాడు. ఉద్యోగం పోయింది. అది పోయినందుకు అతను బాధపడలేదు. చెల్లెలి ముఖం ఎలా చూడాలా అన్నదే అతన్ని తినేసింది. దినకర్మ అయ్యాక వెళ్లి, ఆమె గడప అవతలే కూర్చున్నాడు.

"పైడమ్మా, నలుగురిలో బావ మనసు నొప్పించలేకపోయాను," అన్నాడు.

ఆ రోజు భర్తను మంటల్లోంచి లాగబోయి కాలిన పైడితల్లి చేతుల మీద గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

"నొప్పిస్తే ఏమయ్యేది అన్నయ్యా?" అంది. "అలిగేవాడు. నెల్లాళ్లు మీ ఇంటికి రాకపోయేవాడు. పోనీ ఏడాది. నన్నూ రానిచ్చేవాడు కాదు. నేను ఏడ్చి, బతిమాలి, ఎలాగో నచ్చజెప్పుకునేదాన్ని. బతికున్న మనిషికి నచ్చజెప్పుకోవచ్చు కదా అన్నయ్యా!"

ముత్యాలునాయుడు తల వంచుకున్నాడు.

నాయనలారా, అమ్మలారా, దేవుడు మనకు నోరిచ్చింది ఔననడానికే కాదు. ప్రమాదమున్న చోట కాదని తెగేసి చెప్పలేని మొహమాటం, అడిగినవాడి ప్రాణమే తీస్తుంది.