కడిగిన కాగులు

ఒకానొక రాజ్యంలో పొద్దు కాస్త ఆలస్యంగా తెల్లవారేది. ఏటి మీద లేచిన మంచు వీధుల్లోకి వచ్చి, గడపల దగ్గర ఆగి, ఎండ గట్టిగా మందలిస్తే తప్ప కదిలేది కాదు. ఆ మంచులో మనుషులు కూడా నెమ్మదిగా నడిచేవారు, నెమ్మదిగా మాట్లాడేవారు. ఆ రాజ్యాన్ని ఏలే ధవళకీర్తి మహారాజు అందరికంటే నెమ్మదిగా నిద్ర లేచేవాడు.

లేచాక ఆయన చేసే మొదటి పని, రాత్రి వచ్చిన కలను సభకు చెప్పడం. సభ చేసే మొదటి పని, దాన్ని పొగడడం. ఏనుగు మీద నెమలి నిలబడ్డట్టు కల వచ్చిందంటే మంత్రి గుణనిధి దానికి మూడు అర్థాలు చెప్పి, మూడింటినీ మహారాజు గొప్పతనం దగ్గరికే తెచ్చి దింపేవాడు. ఆయనకు మంత్రి పదవి ఆ విద్యతోనే వచ్చింది.

ఆ రాజ్యంలో ముప్పై పానశాలలు ఉండేవి. సాయంత్రమైతే వాటి ముందు లాంతర్లు మంచులో మాగిన పండ్లలా వేలాడేవి. పడవవాళ్ళు, రైతులు, నేతగాళ్ళు అక్కడ చేరి చోళ్ల సుర, అంటే రాగులు పులియబెట్టిన సుర, తాగేవారు. ఆ సుర మనిషిని పడగొట్టేది కాదు. ఒక దొప్పెడు తాగితే చిన్ననాడు విన్న జోలపాట ఏదో పక్క గదిలో వినిపిస్తున్నట్టు ఉండేది.

పానశాలలన్నీ ఒక సంఘానివి. అందులో పెద్ద వాటా మహారాజుది, మిగతావి పదిమంది పెద్దలవి. ఆ పదిమందిలో ఒక్కరే ఆడమనిషి, రాజుగారి మేనత్త చంద్రమతీదేవి. వాటా ఆవిడది, దాని తరఫున మాట్లాడే నోరు ఆవిడ మరిదిది.

సుర తయారయ్యేది ఊరి చివర కాగులశాలలో. అక్కడ నలభై పెద్ద మట్టి కాగులు ఉండేవి. కాగులశాలలో సగం వాటా సంఘానిది, తక్కిన సగం రేవుపట్నం వర్తకుడు మణిభద్రుడిది. పని మాత్రం పన్నెండుమంది ఆడవాళ్ళది. వాళ్ళ వాటా ఎంతని ఎవరూ ఎన్నడూ అడగలేదు కనుక లెక్క ఎప్పుడూ చక్కగా సరిపోయేది.

ఆ పన్నెండుమందికీ పెద్ద పైడమ్మ. తెల్లవారకముందే ఆమె కాగుల మధ్య తిరిగి ఒక్కొక్కదానికీ చెవి ఆనించేది. లోపల బుడగలు గుసగుసలాడేవి. ఆ చప్పుడు విని ఏ కాగు ఎప్పటికి పక్వానికి వస్తుందో చెప్పేది.

కాగులశాలలో ఒక ఆచారం ఉంది. కాగులను కడగరు. సుర తోడేశాక అడుగున మిగిలిన మడ్డి మీదే కొత్త చోళ్ల జావ పోస్తారు. ఆ మడ్డే కొత్త జావను పులియబెడుతుంది. మట్టి గోడల్లోకి ఇంకిపోయిన పాత సుర దానికి తోడవుతుంది. ఇప్పుడున్న మడ్డి పైడమ్మ అమ్మమ్మ నాటి మడ్డికి మనవరాలు. ఇది కాగులశాలలో అందరికీ తెలుసు. వాటాదారుల్లో ఒక్కరికీ తెలియదు. వాళ్ళలో ఎవరూ ఆ వాసన దాటి లోపలికి రాలేదు.

ఒకనాడు మణిభద్రుడు రేవు నుంచి పడవలో వచ్చి, సంఘం వాటా కూడా తనకే అమ్మమన్నాడు. కాగులన్నిటినీ పడవల మీద రేవుపట్నానికి తరలించి, అక్కడి మగపనివాళ్ళతో సుర చేయించి, పీపాల్లో పంపిస్తానన్నాడు. మహారాజుకు ఏటి నడుమ పాలరాతి మండపం ఒకటి కట్టించుకుని అందులో పడుకోవాలని ఎంతోకాలంగా కోరిక. మణిభద్రుడు ఇస్తానన్న బంగారం సరిగ్గా ఆ మండపానికి సరిపోతుంది.

వాటాదారుల సభ ఏడు రోజులు సాగింది. మంత్రి అమ్మాలన్నాడు. మన పని పీట వేసి దొప్ప అందించడం, పిండి పులియబెట్టడం మనబోటివాళ్ళ పనా అన్నాడు. ముసలి సేనాపతి ఒకాయన, రేపు వర్తకుడు అలిగితే దొప్పల్లో వానచినుకులు పోద్దామా అని అడిగాడు. ఇంకొకాయన, సగం అమ్మి సగం ఉంచుకుందామన్నాడు. మన దగ్గర ఉన్నదే సగమని ఆయనకు గుర్తుచేయడానికి ఒక పూట పట్టింది. చంద్రమతీదేవి మరిది, వదినగారి ఆలోచన కూడా నా ఆలోచనే అన్నాడు. వదినగారు తెర వెనుక ఆవులించారు.

చివరికి అమ్మకమే ఖాయమైన ఏడో రోజున పైడమ్మ సభ గుమ్మంలో నిలబడి దణ్ణం పెట్టింది. కాగులు రేవుకు పోతే మా పన్నెండుమంది సంగతేమిటని అడిగింది.

మంత్రి తాటాకు పైకెత్తి చూపించాడు. "అమ్మేవి ఇందులో రాసి ఉన్నాయి పైడీ. నలభై కాగులు, ఆరు పొయ్యిలు, పన్నెండు తెడ్లు, కప్పు, గోడలు. మీరు ఇందులో లేరు."

"పన్నెండు తెడ్లని సరిగ్గానే లెక్కపెట్టారు అయ్యగారూ," అంది పైడమ్మ. "అవి గాలికి తిరుగుతాయని అనుకున్నారు కాబోలు."

ఎవరో కిసుక్కున నవ్వి దగ్గుగా మార్చుకున్నారు. మహారాజు మాత్రం అరమోడ్పు కళ్ళతో, ఆడవాళ్ళు ఇళ్ళలో ఉండి ముగ్గులు వేసుకోవచ్చునని, అందులో చాలా శాంతి ఉంటుందని చెప్పాడు. పైడమ్మ మళ్ళీ దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ఆ పన్నెండుమందిలో ఐదుగురికి ఇంట్లో సంపాదించే మగవాడు లేడు. మిగతా ఏడుగురికి ఉన్నాడు గాని, వాడి సంపాదన పానశాల దాటి ఇంటికి రాదు. ముగ్గు వేయడానికైనా పిండి కావాలి కదా.

మరునాడు మహారాజు కొత్త కల చెప్పాడు. కలలో ఆయనకు నలభై కాగులు వరుసగా కనిపించాయట. ఒక్కొక్కటి నిండు చంద్రుడిలా మెరిసిపోతున్నదట. మంచులో అవి మెల్లగా తేలుతూ ఏటి మీదుగా వెళ్ళిపోతుంటే ఆయన మండపంలో పడుకుని చూస్తున్నాడట.

"అమ్మకానికి ముందు కాగులను కడగమని దేవతల ఆజ్ఞ," అని మంత్రి అప్పటికప్పుడు తేల్చేశాడు.

ఆ మధ్యాహ్నమే ఆయన లేఖకుణ్ణి వెంటబెట్టుకుని కాగులశాలకు వెళ్ళాడు. గుమ్మం బయటే ఆగి, ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. కాగులన్నీ లోపలా బయటా బూడిదతో తోమి, మరిగే నీళ్ళు పోసి, తళతళలాడేలా కడగాలన్నాడు.

ఆడవాళ్ళ ముఖాలు పాలిపోయాయి. చిన్నది సూరమ్మ ఏదో చెప్పబోయింది. పైడమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

కాగులను కడిగే ఆచారం మాకు లేదని ఆమె చెప్పింది. ఆచారాలు మంత్రికి నేర్పవద్దన్నాడు ఆయన. కడిగితే సుర చెడుతుందని చెప్పింది. మురికికీ రుచికీ తేడా తెలియని ముఖమని తిట్టాడు. నిజంగానే కడగమంటారా అని మూడోసారి అడిగింది. కడగకపోతే కొరడా దెబ్బలన్నాడు.

"అయితే చిత్తం. అడుగున మడ్డి ఉంది అయ్యగారూ. దాన్నేం చెయ్యమంటారు?"

"ఆ దరిద్రం నాకు చూపించకు. పారబోసుకోండి, పట్టుకుపోండి. మీ ఇష్టం. అది మీదే."

"జాబితాలో లేని ఆడవాళ్ళం," అంది పైడమ్మ. "రేపు ఎవరైనా దొంగతనమంటే మా మాట చెల్లదు. ఆ ముక్క ఆకు మీద రాయించి ముద్ర వేయించండి."

ఆ వాసనలోంచి ఎంత త్వరగా బయటపడితే అంత మేలని మంత్రి రాయించి, ముద్ర వేయించి, పల్లకీ ఎక్కేశాడు.

ఆ సాయంత్రం పన్నెండుమంది ఆడవాళ్ళు పన్నెండు ముంతలతో మడ్డిని ఇళ్ళకు తీసుకుపోయారు. మంచులో వాళ్ళను చూసినవాళ్ళకు, పసిబిడ్డలను పొత్తిళ్ళలో పెట్టుకుని నడుస్తున్నట్టు తోచింది. తర్వాత మూడు రోజులు కాగులు తోమారు. ఎంత మరిగే నీళ్ళు పోస్తే అంత నలుపు మట్టిలోంచి ఊరి వచ్చింది. ఆఖరి కాగు కడిగాక పైడమ్మ దానికి చెవి ఆనించింది. లోపల ఏ చప్పుడూ లేదు. ఆమె చాలాసేపు అలాగే నిలబడింది. అవసరానికే చేసినా, మంత్రి కొరడా తగిలిందంటే అది ఆ క్షణానే తగిలింది.

తర్వాత మామూలుగా జావ కాచి పోశారు.

వాటా చేతులు మారాలంటే కొనేవాడు, అమ్మేవాడు, వాటాదారులందరూ కాగు ముంగిట నిలబడి కొత్త సుర ఒక దొప్పెడు తాగాలి. అది తాతల నాటి కట్టుబాటు. జావ పోసిన తొమ్మిదో రోజున అందరూ కాగులశాలకు వచ్చారు. కాగులు మహారాజు కలలో లాగానే మెరిసిపోతున్నాయి. ఆయన వాటిని చూసి, నేను చెప్పలేదా అన్నట్టు అందరి వైపూ తిరిగి తలాడించాడు.

పైడమ్మ దొప్పలు అందించింది. మణిభద్రుడు ఒక గుక్క తాగి దొప్పలోకి చూశాడు. సేనాపతి మింగలేక కక్కలేక నిలబడ్డాడు. మహారాజు కనుబొమలు పైకి పోయాయి. మంత్రి మాత్రం అలవాటు కొద్దీ, "అద్భుతం. మహాప్రభువుల కలలాగే ఉంది," అన్నాడు.

చంద్రమతీదేవి పల్లకీ తెర పక్కకు తోసి తుపుక్కున ఉమ్మింది. "కుడితిలా ఉంది నాయనా," అంది.

ఆవిడ మరిది ఏదో అనబోయాడు. "నా నాలుక మీద రుచి కూడా నువ్వే చెబుతావా?" అని అడిగింది.

మణిభద్రుడు దొప్ప కింద పెట్టేశాడు. తాను కాగులశాల కొనడానికి వచ్చానని, ఇక్కడ ఉన్నవి కుమ్మరి వాకిట్లో దొరికే కుండలని అన్నాడు. తన సగం వాటా కూడా ఇందులోనే ఉందన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చి ముఖం మాడ్చుకున్నాడు.

మహారాజు కోపంతో లేచాడు. "పైడమ్మా, కాగులను ఏం చేశావు?"

"చెప్పింది చేశాం మహాప్రభూ. వద్దని మూడుసార్లు చెప్పుకున్నాం. మంత్రిగారు జాబితాలో రాయించినవన్నీ ఇక్కడే ఉన్నాయి. కాగులు నలభై, పొయ్యిలు ఆరు, తెడ్లు పన్నెండు. ఏలినవారు లెక్క చూసుకోవచ్చు."

"మరి సుర ఏదీ?"

"అది జాబితాలో లేదు."

పైడమ్మ ఒక అడుగు ముందుకు వేసి, మెల్లగా, నిద్రపోయేవాణ్ణి లేపుతున్నట్టు అడిగింది. "ఏలినవారి కలలో కాగుల నుంచి వాసన వచ్చిందా?"

మహారాజు కళ్ళు మూసుకుని గుర్తుచేసుకున్నాడు. "రాలేదు."

"లోపల చప్పుడేమైనా వినిపించిందా?"

"లేదు."

"వాటి పక్కన మనుషులెవరైనా ఉన్నారా?"

ఈసారి ఆయన చాలాసేపు ఆలోచించాడు. "ఎవరూ లేరు," అన్నాడు, గొంతు తగ్గించి.

"మేం లేని కాగులు అలాగే ఉంటాయి మహాప్రభూ. చూడడానికి చంద్రుళ్ళు. తాగడానికి ఇదిగో, ఇది."

తలుపులోంచి మంచు వచ్చి మెరిసే కాగుల చుట్టూ తిరిగి, ఏమీ దొరకనట్టు వెళ్ళిపోయింది.

అసలు మడ్డి ఎక్కడుందని సేనాపతి అడిగాడు. పైడమ్మ ముద్ర ఉన్న తాటాకు తీసి లేఖకుడికి ఇచ్చింది. ఆయన చదివాడు. మడ్డి ఈ పన్నెండుమందిదేనని, వాళ్ళ ఇష్టమని అందులో ఉంది. మంత్రి తన ముద్రను అంత శ్రద్ధగా మునుపెన్నడూ చూసుకోలేదు.

"అది మా ఇళ్ళలో ముంతల్లో నిద్రపోతోంది," అంది పైడమ్మ. "రోజూ గుప్పెడు పిండి పెట్టి బతికిస్తున్నాం. లేపితే లేస్తుంది. కడిగిన మట్టిలోకి మళ్ళీ ఇంకి పాత రుచి రావడానికి ఏడాది పడుతుంది."

"ఏం కావాలి నీకు? బంగారమా?"

"కాగులు ఊరు దాటకూడదు. కాగులశాలలో సంఘం భాగం, వర్తకుడి భాగం రెండూ కాస్త కాస్త తగ్గించి మా పన్నెండుమందికి మూడో భాగం రాయండి. వాటాదారుల సభలో ఒక పీట వేయండి. ఆ పీట మీద మేమే కూర్చుంటాం. మా తరఫున మాట్లాడడానికి మరుదులు వద్దు."

చంద్రమతీదేవి పకపకా నవ్వింది. ఆ నవ్వుకు మహారాజు పెదవి వణికింది. ఆయన మెరిసే కాగుల వైపు చూశాడు, తన చేతిలోని కుడితి వైపు చూశాడు, ఇంకా ముద్రనే చూసుకుంటున్న మంత్రి వైపు చూశాడు. ఇక ఆపుకోలేక పొట్ట పట్టుకుని నవ్వాడు. అక్కడే, ఆ తాటాకు వెనుకవైపే, పైడమ్మ అడిగినవన్నీ రాయించాడు. మణిభద్రుడు కూడా సంతకం పెట్టాడు. పెట్టకపోతే ఆయన సగం వాటా నలభై ఖాళీ కుండల్లో సగమే అవుతుంది మరి. తన మెడలోని హారం తీసి మహారాజు పైడమ్మకు ఇవ్వబోతే, పన్నెండుమందికి పంచుకునే వీలున్నదేదైనా ఇప్పించమంది ఆమె. పన్నెండు పుట్ల చోళ్ళు ఇప్పించాడు. మంత్రికి మాత్రం, నెలరోజులు కాగులశాలలో తెడ్డు పట్టాలని, ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టరాదని ఆజ్ఞ అయింది.

పాలరాతి మండపం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఏడాది గడిచాక ఒక ఉదయం మహారాజు సభకు కల చెప్పాడు. మంచులో నల్లటి కాగులు ఉన్నాయట. లోపల గుసగుసలు వినిపిస్తున్నాయట. ఆయన ఒకదానికి చెవి ఆనిస్తే, పక్కనే ఉన్న ఒక ఆడమనిషి తలెత్తి, ఊరికే నిలబడకపోతే ఆ కడవతో నీళ్ళు తీసుకురారాదా అన్నదట. తీసుకువచ్చాడట. పొద్దున లేచేసరికి నిజంగానే భుజం నొప్పి.

అలవాటు కొద్దీ అందరూ మంత్రి వైపు చూశారు. గుణనిధి తన అరచేతుల్లో కాయలు కాచిన చోట రుద్దుకుంటూ, "దీనికి అర్థం చెప్పనక్కరలేదు మహాప్రభూ," అన్నాడు.

అందరికంటే ముందు మహారాజే నవ్వాడు. వాటాదారుల వరుసలో కొత్త పీట మీద కూర్చున్న పైడమ్మ మాత్రం, కడవ నిండుగా తెచ్చారా, వెలితిగా తెచ్చారా అని అడిగింది.