భుజంగరావు పాస్‌వర్డ్

విజయనగరంలో ఒక అపార్ట్‌మెంటుకి సెక్రటరీగా భుజంగరావు అనే ఆయన ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, సంఘం కాగితం ఒక్కటి ఇంకొకరి కంటబడితే ఆయన ప్రాణం విలవిల్లాడేది. అందరూ పోరగా పోరగా ప్లానులూ తీర్మానాలూ స్కాన్ చేయించి సంఘం వెబ్‌సైట్‌లో పెట్టాడు. పాస్‌వర్డ్ మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. చోద్యం కాకపోతే ఏమిటండీ! భోజనానికి పిలిచి వంటింటికి తాళం వేసినట్టు.

కింది అంతస్తులో త్రిపురసుందరి అనే వీణ టీచరు ఉండేది. ఆవిడ వాటా పల్లంలో ఉంది. ఆవరణలో కొత్త బండలు పరిచాక వాననీళ్ళు పోయే కాలువ మూత ఎక్కడుందో ఎవరికీ తెలియకుండా పోయింది. తుఫాను వస్తోందని విని, ప్లాను ఒక్కసారి చూపించమని ఆవిడ బతిమాలింది. ఇంట్లో వాళ్ళమ్మ వాయించిన వీణ ఉంది, ఆవిడ బెంగంతా దాని గురించే.

"నేనున్నాను కదమ్మా, అవసరమైతే నన్నడగండి" అన్నాడు భుజంగరావు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ ఇంటికి తాళం వేసి, పాఠం చెప్పడానికి ఊళ్ళోకి వెళ్ళింది. భుజంగరావు అన్నం తిని, ఫోను మోగకుండా చేసి పడుకున్నాడు. చల్లగా వాన మొదలైంది. కలలో సంఘం కాగితాలన్నీ తెల్ల కొంగలై నీళ్ళ మీద తేలుతున్నాయి. ఆయన మెడలోతు నీళ్ళలో నిలబడి, ఒక్కో కొంగనీ పట్టి చొక్కాలో దాచుకుంటున్నాడు. ఒళ్ళంతా హాయిగా ఉంది. ఎక్కడో మద్దెల మోగుతోంది. ఎవరో గానీ భలే వాయిస్తున్నారనుకుని ఇంకో కొంగ కోసం చెయ్యి చాపాడు.

అది మద్దెల కాదు. కరెంటు పోయి కాలింగ్ బెల్ మోగక, పొరుగువాళ్ళు ఆయన తలుపు బాదుతున్నారు. బాది బాది విసిగి, కిందికి పోయి బకెట్లతో నీళ్ళు తోడారు. వాన ముందు బకెట్లెంత?

ఆయన లేచేసరికి వాన వెలిసి, పసుపు పచ్చని ఎండ కాస్తోంది. కిందికి దిగి చూస్తే ఆవరణంతా చెరువు. గబగబా ఫోన్లో ప్లాను తెరిచాడు. మూత గేటు పక్క మూలబండ కింద ఉంది. బండ లేపి మూత తీయగానే నీళ్ళు గుటగుటమంటూ పోయాయి.

ఊళ్ళోంచి తిరిగొచ్చిన త్రిపురసుందరి మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో నీళ్ళలో నాని అతుకులు విడిపోయిన వీణ.

"కాగితాలేం తడవలేదు కదా, అన్నయ్యగారూ?" అని అడిగింది. గొంతులో వెటకారం లేదు.

భుజంగరావుకి ఏడుపొచ్చింది. అక్కడే, ఆవిడ ముందే, పాస్‌వర్డ్ తీసేసి కాగితాలన్నీ అందరికీ కనబడేలా పెట్టాడు. వీణను తనే బొబ్బిలి తీసుకువెళ్ళాడు. అతుకు వేస్తాను గానీ పాత నాదం రాదన్నాడు అక్కడ వీణలు చేసే పనివాడు.

పదిమంది సొత్తును పదిమందికీ తెలిసేలా ఉంచడమే దాన్ని కాపాడటం. ఒక్కడి గుప్పిట్లో దాచినది అవసరానికి ఎవరికీ అక్కరకు రాదు.