వరహాలమ్మ అనని మాట

అనగా అనగా, ఏటికి ఇవతల ఒక చిన్న పేట. ఆ పేటకి ఒకటే వీధి. ఒక పక్క అప్పన్న నూనె గానుగ, ఇంకో పక్క కుండలు చేసేవాళ్ళ ఇల్లు, నడుమ వరహాలమ్మ పచారీ కొట్టు. కొట్టంటే ఏమనుకున్నావు తల్లీ? వాళ్ళింటి ముందుగదే. వరహాలమ్మ తూచేది, మొగుడు సింహాచలం పొట్లం కట్టేవాడు. చారెడు పప్పు అడిగినా ఇచ్చేవాళ్ళు, గుప్పెడు ఉప్పు అడిగినా ఇచ్చేవాళ్ళు.

వరహాలమ్మకి ఒక పట్టుదల ఉండేది. కొట్టు గుమ్మంలో ఒక మాట అనేది కాదు. ఆ మాట నీ చెవిలో చెబుతాను, ఇలా జరుగు. 'లేదు.' అదీ ఆ మాట. అది వింటే లక్ష్మి గుమ్మం దిగి వెళ్ళిపోతుందని వాళ్ళ అత్తగారు చెప్పింది. అందుకని ఏదైనా అయిపోతే 'నిండుకుంది' అనేది. పేటలో అందరూ అంతే. నిండుకుంది అంటే నిండా ఉందని కాదమ్మా, అడుగు కనబడుతోందని.

ఆ తర్వాత పట్నం నుంచి ఒకాయన వచ్చి, వీధి మొదట్లో పెద్ద కొట్టు పెట్టాడు. చుట్టూ అద్దాలు, పగలు కూడా దీపాలు. జనం వింత చూడ్డానికి వెళ్ళారు, వెళ్ళినవాళ్ళు మూటలు మూటలు కొనుక్కొచ్చారు. వరహాలమ్మ కొట్టుకి మనుషులు తగ్గారు. సరుకు దింపే బండ్లూ తగ్గాయి. ముందు చింతపండు నిండుకుంది. తర్వాత కందిపప్పు నిండుకుంది. ఆఖరికి ఉప్పు కూడా నిండుకుంది.

"ఏటి వరహాలమ్మా, కొట్టంతా నిండుకుంటే నువ్వెక్కడ కూచుంటావు?" అని అప్పన్న వేళాకోళం ఆడాడు.

వరహాలమ్మకి నవ్వు రాలేదు. ఉప్పు దొరకని కొట్టు ఒక కొట్టేనా?

ఉప్పు బండి సముద్రం వైపు నుంచి వచ్చేది. పాత బండివాడు ముసలివాడైపోయి కొడుకుని పంపాడు. అతని పేరు దైతారి. ఒడియావాడు, తెలుగు నాలుగు ముక్కలే వచ్చు. బండి మీద నుంచే, "అమ్మా, ఉప్పుందా?" అని కేకేశాడు.

"నిండుకుంది నాయనా" అంది వరహాలమ్మ.

"బాగు, బాగు!" అని నవ్వి ఎడ్లని అదిలించాడు. ఆమె గంప పట్టుకుని గుమ్మం దిగేసరికి బండి మలుపు తిరిగిపోయింది.

రెండోసారీ అంతే. అప్పుడు సింహాచలం అన్నాడు, "మనమంటే చిన్నచూపు కాబోలు. ఈసారి కూడా ఆగకపోతే కొట్టు కట్టేద్దాం వరహాలూ."

ఆ పేటలోనే గంటలమ్మ అని కూలి చేసుకునే మనిషి ఉండేది. గిన్నె పట్టుకుని పెద్ద కొట్టుకి వెళ్ళి గుప్పెడు ఉప్పు అడిగింది. "గుప్పెళ్ళు అమ్మం, మూటలే" అన్నారు. పొరుగింట్లో ఉప్పు బదులు అడక్కూడదంటారు కదా, ఎవరినడుగుతుంది? ఆ పూట ఆమె పిల్లలు చప్పటి గంజి తాగారు.

అప్పుడు గంటలమ్మ తిన్నగా వరహాలమ్మ దగ్గరికి వచ్చింది. సంగతంతా విని బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మో! నువ్వు నిండుకుందంటే ఆ బాబు నిండా ఉందనుకున్నాడే! ఒక్కసారి ఆ మాట అనెయ్యరాదా పిన్నీ?"

"ఈ గుమ్మంలోనా? కొట్టు మూసినా సరే, అనను."

"నీ కొట్టుని ఆ మాట అనడానికి మాకూ నోరు రాదు. అయినా నోటితో పనేముంది? ఖాళీ గిన్నె చూపిస్తే ఎద్దుకైనా తెలుస్తుంది!"

ఈ ఖాళీ గిన్నెల ఉపాయం గానుగ దగ్గరికి వెళ్ళింది, కుండల వాళ్ళింటికి వెళ్ళింది, ఇంటింటికీ వెళ్ళింది. అప్పన్న వేళాకోళం మానేశాడు. "ఇవాళ ఆవిడ కొట్టు, రేపు నా గానుగ" అన్నాడు.

మళ్ళీ ఉప్పు బండి వచ్చింది. దైతారి ఏం చూశాడో తెలుసా తల్లీ? ఏటి రేవు నుంచి కొట్టు దాకా, వీధికి రెండు పక్కలా జనం. అందరి చేతుల్లోనూ ఖాళీ గిన్నెలు. ఇత్తడి గిన్నెలు, మట్టి మూకుళ్ళు, కొబ్బరి చిప్పలు. ఒక్కరూ మాట్లాడరు. ఎడ్లు వాటంతట అవే ఆగిపోయాయి. వాటి మెడలో గంటలు కూడా ఊరుకున్నాయి.

దైతారి బండి దిగి గంటలమ్మ గిన్నెలో ఉప్పు పొయ్యబోయాడు. ఆమె గిన్నె వెనక్కి తీసుకుని, వరహాలమ్మ కొట్టు వైపు చెయ్యి చూపింది. అప్పన్న దగ్గరికి వెళ్ళాడు. అప్పన్నా అటే చూపాడు. కుండలు చేసే తాత దగ్గరికి వెళ్ళాడు. తాత అటే చూపి, "అక్కడ పొయ్యి బాబూ. మేం అక్కడే కొనుక్కుంటాం" అన్నాడు.

అప్పుడు దైతారి కొట్టులోకి వచ్చి ఉప్పు తొట్టిలోకి వంగి చూశాడు. ఒక్క పలుకైనా ఉంటేనా! గబగబా చెంపలేసుకున్నాడు. "అమ్మా, నిండుకోవడమంటే ఇదా!"

ఇక చూసుకో. బస్తా తర్వాత బస్తా దింపాడు. తొట్టి నిండింది. గంపలు నిండాయి. మిగిలింది చాప మీద పోస్తే, ఆ చిన్న గదిలో తెల్లటి కొండ లేచింది. చీకటి మూలలో వెన్నెల కుప్ప పోసినట్టుందట. జనం గుమ్మం ముందు గుమిగూడి, అది కొత్తగా చూసిన వస్తువైనట్టు కళ్ళు విప్పుకుని చూశారు. ఉప్పే తల్లీ, రోజూ తినే ఉప్పే.

"గుప్పెడు ఉప్పు పిన్నీ" అని గంటలమ్మ గిన్నె చాపింది. ఆమె వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక ఇంకొకరు. ఆ వరస రేవు దాకా ఉంది. పొద్దుగూకే దాకా వరహాలమ్మ గుప్పెడు గుప్పెడు పోస్తూనే ఉంది, ఎంత పోసినా ఆ కొండ తరగనేలేదట. సింహాచలం కొట్టు కట్టేసే మాట మళ్ళీ ఎత్తితే ఒట్టు.

బండి ఏటికి, ఉప్పు గంజికి,
గిన్నె ఇంటికి, కథేమో కంచికి,
కమ్మని కునుకు నా తల్లి కంటికి.