వరహాలమ్మ గారు అడిగిన భాష

గౌరీపతికి ఒక సంగతి అంతుపట్టలేదు. ఆశ్రమంలో అందరూ మెచ్చుకున్న తన ప్రోగ్రామును వరహాలమ్మ గారు ఒక్కరే ఎందుకు పక్కన పడేశారు?

ఇచ్ఛాపురం దాటాక కొండవార ఉన్న ఆ ఆశ్రమంలో పాత తాళపత్రాలను కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. గౌరీపతి ప్రోగ్రాముకి మౌసుతో పనిలేదు, బొమ్మలూ ఉండవు. నల్లటి తెర మీద ఒక్క ఆజ్ఞ టైపు చేస్తే చాలు, ప్రతిని సరిచూసి భద్రపరుస్తుంది. ఏ భాషలో మాట్లాడాలో ఆజ్ఞ చివర రాసి అడగొచ్చు. ఆశ్రమ పెద్ద నిర్మమానంద స్వామి సరేనంటే మర్నాడే మిగతా మఠాలకు పంపాలి. ఏడాది కష్టం అది.

ఉండబట్టలేక ఆవిడనే అడిగాడు.

"ఆజ్ఞ చివర 'తెలుగు' అని కొట్టాను బాబూ," అన్నారు వరహాలమ్మ గారు. "అయినా అది ఒడియాలో ఏదో అడిగింది. నాకా అక్షరాలు రావు. సరే కాబోసు అని నొక్కాను. వారం రోజులు కూర్చుని ఎక్కించిందంతా చెరిపేసింది. నాకు కాగితమూ కలమూ చాలు నాయనా."

గౌరీపతి గబగబా స్వామి దగ్గరికి పోయి జరిగింది చెప్పాడు.

"నా తప్పేం లేదు స్వామీ. ఆ కంప్యూటరు బరంపురం భక్తులిచ్చింది. దాని భాష ఒడియా అని ముందే పెట్టి ఉంది. యంత్రం మొత్తానికీ ఒక నియమం ఉన్నాక, మధ్యలో ఒక్కొక్కరూ అడిగేది వింటూ కూర్చుంటే ఎలా?"

"ఆవిడ తెలుగు కావాలని అడిగిందా?"

"అడిగారు."

"ఊఁ. భోజనాల వేళయింది, పద."

ఆ పూట వడ్డనకి స్వామే దిగారు. అందరికీ మారు అన్నం వెయ్యాలని వంటశాల నియమం. విస్తట్లో మెతుకు మిగల్చకూడదని ఆశ్రమం కట్టడి.

గౌరీపతి కడుపునిండా తిని, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. స్వామి ఆ చేతి పక్కనుంచే గరిటెడు అన్నం వేశారు.

"చాలు స్వామీ!"

ఇంకో గరిటె పడింది.

"చాలంటున్నా కదా స్వామీ!"

"అందరికీ మారు వెయ్యాలి నాయనా. నియమం."

పంక్తిలో నవ్వులు లేచాయి. "కాస్త పులుసు కూడా పొయ్యండి స్వామీ, గొంతు దిగొద్దూ!" అన్నారెవరో.

స్వామి మళ్లీ గరిటె ఎత్తారు. గౌరీపతి రెండు చేతులూ అడ్డం పెట్టేశాడు. మొహం కందగడ్డయింది.

"ఆ నియమం ఏమీ చెప్పనివాళ్ల కోసం స్వామీ! నేను నోరు తెరిచి చెబుతున్నాగా!"

అనేశాడు. అన్నాక అతని చేతులు విస్తరి మీద అలాగే ఉండిపోయాయి.

స్వామి ఎత్తిన చెయ్యి దించారు. గరిటె పట్టుకుని పక్క విస్తరి దగ్గరికి జరిగారు. అక్కడ వరహాలమ్మ గారు కూర్చుని ఉన్నారు.

స్వామి కొంచెం వంగి అడిగారు:

"ఏం వెయ్యమంటావు తల్లీ?"