దొరగారు కాపలా కాసిన నీళ్లు

ఆ సంస్థానంలో చెరువు కూడా దొరదే. ఎండలు ముదిరి నీళ్లు తగ్గేసరికి, చెరువు పక్క పేటలో ఉంటూ గట్టున బట్టలుతికే నూకాల్ని పిలిపించాడు.

“కాపలా పెట్టినా నీళ్లు దొంగిలిస్తారా? రేపటికల్లా మీ పేట ఖాళీ చెయ్యాలి!”

పసిపిల్లలతో ఎక్కడికి పోతారు? అయినా నూకాలు తొణక్కుండా పళ్లెంలో నీళ్లు పోసి ఎండలో పెట్టింది.

“వీటికి తమరే కాపలా కాయండి దొరా. అయినా తగ్గితే మా జోలికి రాకండి.”

“చూద్దాం!” అని దొర గొడుగు కింద కదలకుండా కూర్చున్నాడు. పొద్దువాలేసరికి పళ్లెం ఎండిపోయింది.

“ఎవరూ ముట్టుకోలేదే!”

“సూరీడు పైకి లాగేశాడు దొరా. మా మీద కోపమెందుకు, నిచ్చెన వేయించి ఆయన్ని పట్టుకోండి. అయినా ఆయన దాచుకోడు. మబ్బు కట్టి వానగా తిరిగిస్తాడు. దొర మేడా, పేట గుడిసా అని చూడడు.”

దొర చెరువు మీద కాపలా ఎత్తేయించాడు. మర్నాడు పేట కడవలన్నీ చెరువులో మునిగాయి.